హెచ్ఐవీ డాక్టర్లకి మనసు, ఎథిక్స్ క్లాసులు దండగా?

"రోజుకో మాత్ర, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో ఆ లెక్క) తగ్గితే పని అయిపోయినట్టే, డాక్టర్లకి మానసిక సమస్యలు, ఎథిక్స్ అంటూ ట్రైనింగ్ దండగ" అని ఒక మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. చదవడానికి బానే ఉంది గానీ అందులో ఒక్క పాయింటూ నిలబడదు.

వైరల్ లోడ్ తగ్గితే మెదడు సేఫ్ అంట. ఈ వైరస్ ఒంట్లో పడ్డ కొన్ని వారాలకే మెదడుకి చేరి మైక్రోగ్లియా అనే మెదడు కాపలా కణాల్లో తిష్ట వేస్తుంది. మందులొచ్చాక పెద్ద డిమెన్షియా (బుద్ధి, జ్ఞాపకం బాగా దెబ్బతినడం) బాగా తగ్గింది, నిజమే, కానీ రక్తంలో వైరస్ దొరక్కపోయినా కొందరికి మతిమరుపు, పనుల్లో నెమ్మది ఉంటూనే ఉంటాయి. దీనికి 2005లో వచ్చిన చిన్న టెస్టు ఒకటుంది, నాలుగు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంటారు, బొటనవేలు చూపుడువేలు టకటకా తాకిస్తూ 5 సెకన్లు లెక్కపెడతారు, తర్వాత పిడికిలి, అరచెయ్యి, చేతి అంచు వరసగా మార్చమంటారు, చివర్లో ఆ నాలుగు మాటలు అడుగుతారు. 12కి 10 లేదా తక్కువొస్తే ఇంకా లోతుగా చూడాలి. తేలికపాటి కేసులు ఇందులో తప్పిపోవచ్చు, అయినా ఇది కూడా నేర్పకపోతే ఆ డాక్టర్ ఏం చేస్తాడు, "మాత్రలెందుకు మర్చిపోతున్నావ్" అని పేషెంట్‌నే కసురుతాడు!

"జబ్బు తెలిశాక దిగులు మామూలే" అంట. ఆ దిగులు మందు వల్ల కూడా రావచ్చు కదా? ఎఫావిరెంజ్ అనే హెచ్ఐవీ మందు‌తో పీడకలలు, డిప్రెషన్, కొందరికి చచ్చిపోవాలన్న ఆలోచనలు కూడా వస్తాయి. 2019లో డబ్ల్యూహెచ్ఓ ముందు వరసలో పెట్టిన ఇంకో హెచ్ఐవీ మందు డోల్యుటెగ్రావిర్‌తో కూడా కొందరికి నిద్ర పట్టదు.

సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపితే చాలంట. ఆయన మూడ్ కోసం కార్బమజెపైన్ అనే మందు రాస్తే రక్తంలో డోల్యుటెగ్రావిర్ మోతాదు పడిపోతుంది, దాని డోస్ పెంచాలి. రిటోనావిర్ అనే హెచ్ఐవీ మందు మీద ఉన్నవాళ్ళకి నోటి ద్వారా మిడజోలామ్ అనే మత్తుమందు ఇస్తే మత్తు ఊపిరి ఆగేదాకా పోవచ్చు. ఇద్దరు డాక్టర్లకీ ఇది తెలియకపోతే నష్టం ఎవరికి?

ఇక ఎథిక్స్ కామన్ సెన్సేనట, నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. మనిషి జ్వరంతో మతి తప్పి ఉన్నాడు, అన్నగారు వచ్చి "అసలు వీడికేంటి జబ్బు" అని అడుగుతున్నాడు, ఎంతవరకు చెప్పాలి? భార్యకి చెప్పొద్దంటాడు ఒకడు, అతని వైరల్ లోడ్ టెస్టుకి దొరకనంత తక్కువగా, అంటే అన్‌డిటెక్టబుల్‌గా నిలిచి ఉంటే సెక్స్ ద్వారా అంటదు, లేకపోతే ఆమెకి రిస్కే, రెండింటికీ ఒకే జవాబా? డిమెన్షియా మొదలైనాయన "నాకు మందులొద్దు" అంటే అది ఆయన నిర్ణయమా జబ్బు చేయిస్తున్న పనా, ఆయనకి విషయం అర్థమైందా, తన మాటల్లో తిరిగి చెప్పగలడా, రేపు కూడా అదే అంటాడా అని ఎవరో ఒకరు కూర్చుని అడగాలి, ఎలా అడగాలో వాళ్ళకి ముందే ఎవరో ఒకరు నేర్పి ఉండాలి.