స్పేర్ పార్టు డ్రాయింగులు ఎవరిస్తారు?

త్రీడీ ప్రింటింగ్‌తో, అంటే కరిగించిన ప్లాస్టిక్‌ను పొరలుగా పేర్చి వస్తువులు చేసే పద్ధతితో, చెత్త తగ్గుతుందని మీ వ్యాసంలో రాశారు. నిజమే, కొంతవరకు. మా వాషింగ్ మెషీన్ నాబ్ లోపలి ప్లాస్టిక్ పళ్లు విరిగితే కోఠి గుజరాతీ గల్లీ అంతా తిరిగాం. ఆ మోడల్ ఎప్పుడో ఆపేశారన్నారు. చివరికి తెలిసిన కుర్రాడు వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలతలు తీసి, కంప్యూటర్‌లో గీసి, పీఈటీజీ అనే వేడికి కాస్త ఎక్కువ తట్టుకునే ప్లాస్టిక్‌లో ప్రింట్ చేసిచ్చాడు. ప్రింటింగ్‌కు మామూలుగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ అయితే 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది మరి. అన్నట్టు, పీఎల్ఏ మొక్కజొన్న నుంచి వస్తుంది కదా అని మట్టిలో ఇట్టే కలిసిపోతుందనుకోకండి, పెరట్లో పాతిపెడితే ఏళ్లు గడిచినా అలాగే ఉంటుంది. పాడైన ప్రింట్లు, ప్రింట్ చేసేటప్పుడు ఆసరాగా వేసి తర్వాత విరిచేసే సపోర్టు ముక్కలూ చెత్తే. రాయదుర్గంలో 2023లో టీ-వర్క్స్ అనే, నమూనా వస్తువులు తయారుచేసుకునే ప్రభుత్వ కేంద్రం తెరిచారు, కాబట్టి ఊళ్లో మెషీన్లు లేవనలేం. లేనివల్లా పార్టుల డ్రాయింగులే. మోడల్ ఆపేసినప్పుడు కంపెనీలు ఆ ఫైళ్లు బయటపెడితే మిగతాది రిపేరు షాపులవాళ్లు చూసుకుంటారు.