సవరణ: టైప్‌-సి పిన్ను ఉంటే చాలదు

ఫోన్‌లోని సినిమా టీవీలో చూడాలంటే టైప్‌-సి నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ కొంటే చాలని మొన్న రాశాను. తప్పు రాశాను. పిన్ను ఒకటే అయినా, అందులోంచి బొమ్మ బయటికి రావాలంటే ఫోన్‌లో ‘డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్’ ఉండాలి. ఐఫోన్ 15లో, గెలాక్సీ ఎస్24లో అది ఉంది. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి లేదు. నా మాట నమ్మి కేబుల్ కొన్న మా బావమరిదికి టీవీలో ‘నో సిగ్నల్’ తప్ప ఏమీ కనబడలేదు. ఆ డబ్బులు నేనే ఇచ్చుకున్నాను లెండి.

ఆ మోడ్ లేని ఫోన్‌కి స్క్రీన్ కాస్టింగే (కేబుల్ లేకుండా ఫోన్ బొమ్మను టీవీకి పంపడం) దారి. ఫోన్‌లోనూ టీవీలోనూ అలా పంపే ‘మిరాకాస్ట్’ అనే పద్ధతి ఉంటే ఇంట్లో వైఫై లేకపోయినా కలుస్తాయి. ఓటీటీ సినిమా మాత్రం నల్లగా రావచ్చు. అది కాపీ చేయకుండా పెట్టిన రక్షణ, ఫోన్ పాడైందని టెన్షన్ పడకండి. ఆ యాప్‌లోనే కాస్ట్ గుర్తు ఉంటే, ఫోన్‌నీ టీవీనీ ఒకే వైఫైకి కలిపి అది నొక్కి చూడండి.