ఎరిక్ కోట్స్ లండన్ వినకుండానే తీర్పులిస్తే ఎలా?

"లైట్ మ్యూజిక్కా? టీ తాగుతూ వినేదేగా!" అని, ఆర్కెస్ట్రా వాయించే తేలికపాటి ట్యూన్ల సంగీతాన్ని తీసిపారేసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. సింఫనీలు బాగా విన్నవాళ్ళే ఎక్కువగా అంటారీ మాట. ఈ రకం సంగీతం రాసిన ఇంగ్లీషు స్వరకర్త ఎరిక్ కోట్స్ 'లండన్ సూట్' (లండన్‌లోని మూడు చోట్ల పేర్లతో మూడు భాగాలున్న రచన) మొత్తం విన్నారా అంటే మాత్రం జవాబుండదు.

అందులో మొదటి భాగం 'కోవెంట్ గార్డెన్'. అక్కడ పేరుమోసిన ఒపేరా హౌస్ ఉంది, దాని మీద దర్జాగా ఏదో ఒకటి రాసేయొచ్చు. ఈయన చెవి మాత్రం పక్కనున్న పళ్ళ మార్కెట్ మీద పడింది. చెర్రీలమ్మే కేకతో మొదలయ్యే 'చెర్రీ రైప్' అనే పాత పాటని పట్టుకుని, టారంటెల్లా అనే వేగమైన ఇటాలియన్ నాట్యం నడకలో పరుగులు పెట్టించాడు. రెండోది 'వెస్ట్‌మినిస్టర్'. చివర్లో బిగ్ బెన్ గంటలు వినిపిస్తాయి. అది కాస్త సులువు దారే, ఒప్పుకుంటాను.

మూడోది 'నైట్స్‌బ్రిడ్జ్' మార్చ్, అంటే కవాతు నడక సంగీతం. 1933లో బీబీసీ దీన్ని 'ఇన్ టౌన్ టునైట్' అనే రేడియో కార్యక్రమానికి వాడుకుంది. మార్చ్‌తో పాటు ట్రాఫిక్ రొద, వయొలెట్ పూలమ్మే ఆవిడ కేక, అంతలో అన్నింటినీ ఆపేస్తూ "స్టాప్!" అని ఒక గొంతు. ఆ ట్యూన్ ఏమిటో చెప్పమని శ్రోతలు వేలల్లో ఉత్తరాలు రాశారు.

ఇది గాలివాటంగా తగిలిన హిట్ కాదండీ. కోట్స్ 1919 దాకా హెన్రీ వుడ్ నడిపిన క్వీన్స్ హాల్ ఆర్కెస్ట్రాలో వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది, మధ్య స్థాయి స్వరాలు పలికేది) వాయించాడు. వయోలా వాళ్ళకి అసలు ట్యూన్ దక్కేది ఎప్పుడోగానీ ఉండదు (పాపం!). అందుకేనేమో, ఈయన రాసినదాంట్లో మధ్య వాద్యాలు ఊరికే కూర్చోవు. పైన ట్యూన్ సాగుతుంటే కింద ఏదో ఒక గొడవ నడుస్తూనే ఉంటుంది. రద్దీ వీధి వినిపించేది అక్కడే.

తిట్టాలంటే వేరే కారణం ఉంది. 1936లో ఆయన 'లండన్ అగైన్' అనే ఇంకో సూట్ రాశాడు: ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్, లాంగమ్ ప్లేస్, మేఫేర్, అన్నీ లండన్ నడిబొడ్డు చోట్లే. అదే ఏడాది ఇంగ్లండ్ ఈశాన్యాన ఉన్న జారో ఊరి నుంచి నిరుద్యోగులు పని కోసం లండన్ దాకా నడిచొచ్చారు. ఆ అడుగుల చప్పుడు ఈ సంగీతంలో ఎక్కడా లేదు. ఆ మాట అనండి, నేనూ తలూపుతాను.

వినేవాళ్ళు కోట్స్ స్వయంగా కండక్ట్ చేసిన రికార్డింగులే వెతకండి. సౌండ్ పాతదే, కానీ మార్చ్‌లని ఆయన చకచకా నడిపిస్తాడు. తర్వాత వచ్చినవాళ్ళలో కొందరు వాటిని మరీ సాగదీశారు.