రాప్తాడు దాటాక గాలి ఎటు నుంచి?

మూడు వారాలుగా మా ఇంట్లో ఒకటే గొడవ. మా చెల్లెలు తన రోడ్డు బైకుకు కార్బన్ చక్రాలు కొనాలంటుంది. మా మేనమామ వద్దంటాడు. ఇద్దరూ నాకంటే బాగా తొక్కుతారు. ఇద్దరి మాటా కొట్టిపారేసేది కాదు. అందుకే నాకు గుర్తున్నంత మేర రాసి పెడుతున్నాను.

ముందు సంగతి చెప్పాలి. చెల్లెలి బరువు 52 కిలోలు, బైకు 9 కిలోలు. డిస్కు బ్రేకులున్న బైకు. జీతంలోంచి రెండేళ్లు దాచిన 80 వేలు చేతిలో ఉన్నాయి. మనసు పడింది 50 మిల్లీమీటర్ల లోతున్న క్లించర్ చక్రాల మీద. రిమ్ము లోతు అంటే టైరు కూర్చునే అంచు నుంచి స్పోకు మొదలయ్యే చోటు దాకా ఉన్న కొలత. మామూలు అల్యూమినియం రిమ్ముకు అది 20, 25 ఉంటుంది. 35 నుంచి 50 దాకా ఉన్నవాటిని మధ్యరకం లోతు అంటారు. ఇక క్లించర్ అంటే మనందరికీ తెలిసిన పద్ధతే: లోపల ట్యూబు, టైరు అంచు రిమ్ము గాడిలో కొక్కేనికి పట్టుకుని ఉంటుంది.

మామ ముప్పై ఏళ్లుగా తొక్కుతున్నాడు. హబ్బు (చక్రం నడుమ తిరిగే భాగం), రిమ్ము విడివిడిగా తెచ్చుకుని, స్పోకులు తనే అల్లి చక్రం తయారు చేసుకుంటాడు. మాటలన్నీ మా మిద్దె మీద, సాయంత్రాలు జరిగినవే.

మామ: పాపా, ముందు ఒకటి చెప్పు. నీ సగటు వేగం ఎంత?

చెల్లెలు: ఒక్కదాన్నే పోతే గంటకు 28 కిలోమీటర్లు. గుంపులో 32 దాకా.

మామ: లోతు రిమ్ము గాలిని తేలిగ్గా చీల్చి ఇన్ని వాట్లు మిగులుస్తుందని ఆ చక్రాల కంపెనీ చెప్పే లెక్క ఏ వేగానికి?

చెల్లెలు: 45కి. నువ్వు ఏమంటావో నాకు తెలుసు మామా.

మామ: తెలిసినా విను. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 45 వేగంలో 10 వాట్లు మిగిలితే, 28లో అది రెండున్నరకు పడిపోతుంది. రెండున్నర వాట్లకు 80 వేలా? గాలికి అడ్డం పడేది ముప్పాతిక వంతు మన ఒళ్లే. మోచేతులు కాస్త వంచి, తల దించి తొక్కితే అంతకంటే ఎక్కువ మిగులుతుంది. దానికి పైసా ఖర్చు లేదు.

చెల్లెలు: మోచేతులు వంచే తొక్కుతున్నాను. అది అయ్యాకే చక్రాల మాట ఎత్తాను. ఇంకోటి, 28లో పోయేటప్పుడు నేను పెట్టే శక్తే 120 వాట్ల చుట్టుపక్కల. అందులో రెండున్నర అంటే నూటికి రెండు. 200 కిలోమీటర్ల బ్రెవేలో, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సవారీలో, మూడు నిమిషాలు కలిసొస్తాయి. మెల్లగా పోయేవాళ్లు దారి మీద ఎక్కువ సేపు ఉంటారు కాబట్టి వాళ్లకు కలిసొచ్చే నిమిషాలు తక్కువేం కాదు.

మామ: బ్రెవేకు ఇచ్చే గడువు పదమూడున్నర గంటలు. నువ్వు తొమ్మిది గంటల్లో ముగిస్తావు. ఆ మూడు నిమిషాలు ఏం చేసుకుంటావు?

చెల్లెలు: గడువు కోసం తొక్కడం లేదు మామా. పోయినేడాది కంటే ఈ ఏడాది బాగా తొక్కాలని తొక్కుతున్నాను. పైగా అవి నాకు నచ్చాయి. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద ఆ లోతు రిమ్ములు చేసే చప్పుడు వింటే ఇంకో పది కిలోమీటర్లు పోవాలనిపిస్తుంది. అది లెక్కలోకి రాదా?

(వస్తుంది. నన్నడిగితే సైకిలు విషయంలో అన్నిటికంటే పెద్ద లెక్క అదే. మనసుకు నచ్చిన బైకు వారానికి ఐదు రోజులు బయటికి తీస్తాం. నచ్చనిది గోడకు ఆనుకుని ఉంటుంది. మామ కూడా ఈ మాటకు ఎదురు చెప్పలేదు. బరువు సంగతికి పోయాడు.)

మామ: సరే, బరువు ఎంత తగ్గుతుంది?

చెల్లెలు: ఇప్పుడున్న జత 1,900 గ్రాములు. కొత్తవి 1,500. అంచున తిరిగే బరువు కాబట్టి రెట్టింపు లాభం.

మామ: వేగం పుంజుకునేటప్పుడు మాత్రమే రెట్టింపు. ఆ 400 గ్రాములూ పూర్తిగా అంచునే తగ్గాయనుకున్నా, 800 గ్రాములతో సమానం. నువ్వూ బైకూ కలిసి 61 కిలోలు. నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ. ఒకే వేగంతో పెనుకొండ కొండ ఎక్కుతున్నావనుకో, అప్పుడు 400 గ్రాములు 400 గ్రాములే. రెట్టింపు లేదు.

చెల్లెలు: నీకు 80 కిలోలు మామా, నీకు అది కనిపించదు. నాకు కనిపిస్తుంది. తేలికగా ఉన్నవాళ్లకు బైకు బరువులో తగ్గిన ప్రతి గ్రామూ ఎక్కువ వంతే.

మామ: అది ఒప్పుకుంటా.

ఆ రోజుకు అక్కడితో ఆగింది. మర్నాడు మామ వస్తూనే బ్రేకుల వేడి సంగతి ఎత్తాడు. చాలా ఏళ్ల కిందట తన స్నేహితుడొకరు హార్స్‌లీ హిల్స్ నుంచి దిగుతుంటే కార్బన్ రిమ్ము పక్క గోడ ఉబ్బిపోయిందట. ఆ రోజుల్లో బ్రేకు రబ్బరు రిమ్ము మీదే పట్టేది. ఘాటు పొడవునా బ్రేకు నొక్కి పట్టుకుంటే కార్బన్‌ను అంటిపెట్టుకున్న జిగురు వేడికి మెత్తబడుతుంది. క్లించర్ టైరులో గాలి లోపలి నుంచి రిమ్ము గోడలను బయటికి తోస్తూనే ఉంటుంది. రెండూ కలిసి గోడ ఉబ్బుతుంది. చెల్లెలు ఓపికగా విని, "నాది డిస్కు బ్రేకు మామా, వేడి ఇనుప పళ్లేనికి పోతుంది, రిమ్ముకు కాదు" అంది. మామ తల ఊపాడు. పందేల్లో డిస్కు బ్రేకులకు 2018లో పూర్తి అనుమతి వచ్చినప్పటి నుంచి కొత్త బైకులన్నీ దాదాపు అటే పోయాయి. కాబట్టి ఈ భయం ఆమెకు వర్తించదు. కానీ రిమ్ము బ్రేకు బైకున్నవారు గువ్వలచెరువు ఘాటు లాంటి దిగుడు దారుల్లో తిరిగేవారైతే, కార్బన్ క్లించర్ కొనేముందు ఈ ఒక్క సంగతి తప్పకుండా ఆలోచించాలి. తప్పదనుకుంటే బ్రేకు నొక్కి పట్టుకోకుండా కాసేపు గట్టిగా పట్టి వదలాలి. కార్బన్‌కు చేసిన రబ్బర్లే వాడాలి.

అసలు వాదన గాలి దగ్గర మొదలైంది.

మామ: రామగిరి కొండల మీద గాలిమరలు ఎందుకు పెట్టారు పాపా?

చెల్లెలు: గాలి ఉంది కాబట్టి.

మామ: ఎటు గాలి?

చెల్లెలు: ఆషాఢంలో పడమటి గాలి.

మామ: మన హైవే ఎటు పోతుంది? అనంతపురం నుంచి రాప్తాడు, చెన్నేకొత్తపల్లి, పెనుకొండ. నేరుగా దక్షిణానికి. అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా నువ్వు తొక్కే రోడ్డుకు గాలి అడ్డంగా వస్తుంది. పోయేటప్పుడు కుడి పక్క నుంచి తగిలి రోడ్డు బయటికి, మట్టిలోకి తోస్తుంది. వచ్చేటప్పుడు ఎడమ పక్క నుంచి తగిలి లారీల వైపు తోస్తుంది. నీ బరువు 52 కిలోలు. నీ ముందు చక్రం 50 మిల్లీమీటర్ల తెరచాప.

చెల్లెలు: తెరచాప మాట కూడా నిజమే కదా మామా. పక్కగాలి కాస్త వాలుగా తగిలితే లోతు రిమ్ము ముందుకే లాగుతుంది.

మామ: ఆ వాలు చిన్నదిగా ఉన్నంత వరకే. నువ్వు 28లో పోతున్నప్పుడు 20 వేగంతో పక్కగాలి వస్తే చక్రానికి అది 35 డిగ్రీల వాలున తగులుతుంది. అంత వాలులో గాలి రిమ్మును అంటిపెట్టుకుని పారదు, ఊడిపోతుంది. ఇక లాగడం ఉండదు, తోయడమే. 45లో పోయేవాడికి అదే గాలి 24 డిగ్రీలే. వేగం తక్కువున్నవాళ్లనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

చెల్లెలు: వాతావరణం వాళ్లు చెప్పే గాలి పది మీటర్ల ఎత్తులోది. నేల దగ్గర అంత ఉండదు. ఇప్పటి రిమ్ములు కత్తి అంచులా ఉండవు, కడుపు ఉబ్బి గుండ్రంగా ఉంటాయి. పక్కగాలికి హ్యాండిల్ గుంజడం తగ్గించాలనే అలా చేశారు.

మామ: తగ్గింది, పోలేదు. ఇలా కూర్చుని తేలేది కాదు. నీ స్నేహితురాలి దగ్గర 50 లోతు ముందు చక్రం ఉందన్నావే, ఆదివారం అడిగి తీసుకురా.

తెచ్చింది. ముగ్గురం చెన్నేకొత్తపల్లి దాకా పోయాం. పోయేటప్పుడు చెల్లెలు నవ్వుతూనే ఉంది. వచ్చేటప్పుడు రోడ్డు ఎడమ పక్కన ఒక లారీ ఆగి ఉంది. దాన్ని చుట్టి పోతున్నంతసేపు లారీ చాటున గాలి లేదు. దాటిన మరుక్షణం గాలి ఒక్కసారిగా తగిలింది. నేను వెనకాలే ఉన్నాను. ఆమె ముందు చక్రం మూరెడు కుడికి జరగడం కళ్లారా చూశాను. వెనక నుంచి ఆ క్షణంలో బండి ఏదీ రాలేదు. రాప్తాడులో టీ తాగేదాకా ఎవరం మాట్లాడలేదు. నాకైతే చేతుల వణుకు తగ్గలేదు.

చెల్లెలు: 50 వద్దు మామా. ముందు చక్రానికి వద్దు.

మామ: నేను కార్బనే వద్దనలేదు పాపా. ఈ లోతు వద్దన్నా.

(మొదట అన్నాడు. గుర్తు చేయలేదు.)

చెల్లెలు: ముందు 35, వెనక 45 పెట్టుకుంటే? వెనక చక్రం హ్యాండిల్‌ను తిప్పదు కదా.

మామ: అది బాగుంది. అదైతే ఆషాఢంలో కూడా ఇంట్లో పెట్టాల్సిన పని లేదు. లోపలి వెడల్పు ఎంత?

చెల్లెలు: 21. బయటి వెడల్పు 30. నేను వేసేది 28 టైరు. బయటి వెడల్పు టైరు కంటే నూటికి ఐదు ఎక్కువ ఉండాలంటారు కదా, 28కి 29 పైచిలుకు చాలు.

మామ: 21 రిమ్ము మీద ఆ టైరు ఉబ్బి 29, 30 కావచ్చు. రాసినదాన్ని నమ్మకు, ఎక్కించి కొలువు. ఫ్రేములో చోటు కూడా చూసుకో. కొక్కెం ఉన్న రిమ్మేనా?

చెల్లెలు: ఉన్నదే. కొక్కెం లేనివి చవకగా వస్తున్నాయి, వద్దనుకున్నా. వాటికి గాలి 73 పీఎస్ఐ దాటకూడదు. నేను 60 చుట్టూనే కొడతాను కాబట్టి దానితో ఇబ్బంది లేదు. కానీ వాటికి ఒప్పుకున్న టైర్లే వేయాలి. దారిలో టైరు చిరిగితే ఎవరి దగ్గర ఏది దొరికితే అది వేసుకోవాల్సిన ఊళ్లు మనవి.

మామ ముఖంలో అప్పుడు కనిపించిన సంతోషం నేను మరచిపోను. తను నేర్పిన పిల్ల తనకంటే ముందే ఆలోచించింది. అయినా వదల్లేదు.

మామ: స్పోకుల మాట చెప్పు.

చెల్లెలు: ముందు 24, వెనక 24. తల దగ్గర వంపున్నవే, నిటారువి కాదు. స్పోకులు బిగించే నిపిల్స్ రిమ్ము బయటే ఉన్నాయి. బెండు తీయాలంటే టైరు విప్పక్కర్లేదు. బేరింగులు మామూలు సైజువి, ఎక్కడైనా దొరుకుతాయి.

మామ: గుంతలో పడి రిమ్ము పగిలితే? అల్యూమినియం సొట్ట పడితే సుత్తితో తట్టి ఇంటికి రావచ్చు. కార్బన్‌కు పగులు వచ్చిందంటే ఇక దాని మీద తొక్కకూడదు.

చెల్లెలు: దెబ్బ తగిలిన ప్రతిసారీ టైరు విప్పి చూస్తాను. రిమ్ము ఒక్కటే విడిగా అమ్ముతారా అని రాతపూర్వకంగా అడిగాను. అమ్ముతారు. అప్పుడు పాత హబ్బు మీద నువ్వే అల్లాలి.

మామ: అల్లుతా. ఒక్క షరతు. ముందు టైర్లు మార్చు. బైకుతో వచ్చిన ఆ తీగ అంచు టైర్ల మీద కార్బన్ చక్రం తొక్కితే డబ్బు నీళ్లపాలు. టైరు రోడ్డు మీద దొర్లేటప్పుడు అడ్డుపడే నిరోధం లెక్క 0.007 నుంచి 0.004కు తగ్గితే, నీ బరువుకు, 28 వేగంలో, 14 వాట్లు మిగులుతాయి. నీ చక్రాలిచ్చే రెండున్నర పక్కన పెట్టి చూడు.

చెల్లెలు: చూశాను. టైర్లు నిన్ననే తెప్పించాను. పాత చక్రాల మీద నెల తొక్కి, ఆ తర్వాత చక్రాలు.

(ఇక్కడ నా మాట ఒకటి. ఈ వరస చాలామంది తిరగేస్తారు. చక్రాలకు ఉన్నదంతా పెట్టి, టైర్ల దగ్గర చెయ్యి వెనక్కి తీస్తారు. 80 వేలు లేనివారు బాధపడక్కర్లేదు. మంచి టైర్ల జతతో ఈ లాభంలో పెద్ద వంతు చేతికొస్తుంది.)

మామ: మంచి టైరు పలచగా ఉంటుంది పాపా. వానలు పోయి పల్లేరుకాయలు ఎండే రోజులు వస్తాయి. రోడ్డు పక్కన సర్కారు తుమ్మ కొట్టి పడేస్తారు. పంచరు పడితే పాతూరులో దొరికే ట్యూబు వాల్వు నీ రిమ్ము దాటి బయటికి రాదు.

చెల్లెలు: 60 మిల్లీమీటర్ల వాల్వు ట్యూబులు కావాలి. రెండు చక్రాలకూ సరిపోతాయి. నాలుగు తెప్పిస్తాను.

మామ: ఆరు తెప్పించు. రెండు నా సంచిలో ఉంటాయి.