రోగం పేరు వయసు

జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు రోగాల జాబితాను కొత్తగా రాస్తూ అందులో ‘ముసలితనం’ అని ఓ పద్దు చేర్చారు. వయసు రోగమెలా అవుతుందని పెద్దలంతా గోల పెట్టేసరికి, 2022లో జాబితా అమల్లోకొచ్చేనాటికి ఆ పద్దు వెనక్కి తీసుకున్నారు. పాపం, వాళ్లకి అమలాపురంలో బస్సెక్కి రాజోలు దాకా వచ్చే తీరిక చిక్కలేదు. వచ్చుంటే ఆ పని చేసేవాళ్లు కాదు.

మా కోనసీమలో అరవై దాటిన మనిషికి రాదగ్గ రోగం అదొక్కటే. ఆయాసమా? వయసండీ. తల తిరుగుతోందా? వయసు కదండీ, ఆయ్. అన్నం సయించడం లేదా? ఈ వయసులో ఇంకా ఏం సయిస్తుందండీ! దీనికి రక్తం తీయక్కర్లేదు, స్కానింగుకి కాకినాడ పోనక్కర్లేదు. ఆరెంపీగారూ తేల్చగలరు, పక్కింటావిడా తేల్చగలరు, డాలస్ నుంచి వీడియో కాల్లో పెద్దబ్బాయీ తేల్చగలడు.

ఇంత తేలిక సంగతిని శాస్త్రవేత్తలు చిక్కు చేసి పెట్టారు. 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే ఇద్దరు మనిషి కణాలను గాజుపాత్రలో పెంచి చూస్తే, అవి ఏ యాభైసార్లో విభజన చెంది ఆగిపోయాయి. విభజన జరిగిన ప్రతిసారీ క్రోమోజోముల చివరలు కాస్త కాస్త అరుగుతాయని ఆ తర్వాత తేలింది. అలా పని మానేసిన కణాలు చావవు, ఊరుకోవు. రిటైరై అరుగెక్కిన మాలాంటివాళ్లలాగే వచ్చేపోయేవాళ్ల మీద ఏదో ఒకటి విసురుతుంటాయి. విసిరేవి వాపు పుట్టించే రసాయనాలు కాబట్టి పక్కనున్న మంచి కణాలూ పాడవుతాయి. పడుచువాళ్లలో రోగనిరోధక కణాలు వచ్చి వీటిని ఊడ్చేస్తాయి. పెద్దవాళ్లలో ఆ ఊడ్చేవాటికే ఓపిక తగ్గుతుంది. ఆ ఊడ్చేవాటిలో ఒక రకమైన టీ కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి యవ్వనం నాటినుంచే ఎండిపోతూ వస్తుంది మరి.

నీరసం సంగతీ అంతే. కణానికి ఇంధనమైన ఏటీపీని 1929లో ప్రపంచానికి చూపించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. ఆ ఇంధనం తయారుచేసే మైటోకాండ్రియా వయసుతో మందగిస్తాయని ఇప్పుడు చెబుతున్నారు. హార్వర్డులో ‘నీరసమా, వయసండీ’ అనేవాళ్లు పక్కన లేకపోబట్టి గానీ, ఉంటే ఆయనకి అంత శ్రమ తప్పేది.

మా వీధి చివరింటి పెద్దాయన ఓ అర్ధరాత్రి లేచి, కాలవ కట్టేశారు, ఆకుమడి ఎండిపోతోందంటూ వాకిలి గడియ తీయబోయారు. ఆయన పొలం అమ్మి చాలా ఏళ్లైంది. కోడలు నుదురు పట్టుకు చూసింది, చల్లగా ఉంది. థర్మామీటరు పెడితే 98. జొరం లేదు, దగ్గు లేదు, కాబట్టి చాదస్తం, అంటే వయసు. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడోనాడు ఎవరో ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తుల్లో కుడివైపు కిందంతా నెమ్ము! మనవడికైతే ఒళ్లు కాలిపోయి ఇల్లంతా హడలెత్తించే జబ్బు, తాతగారికి జొరం లేకుండానే రావచ్చు. మాట తడబడటం, కాలు తూలి పడిపోవడం, ముద్ద ముట్టకపోవడం, అవే దాని ఆనవాళ్లు. గుండెపోటు కూడా ఈ వయసులో గుండెనొప్పి లేకుండానే, వట్టి ఆయాసంగా రావచ్చు. ఇవన్నీ తెలిసిన వైద్యులున్నారు, కానీ వాళ్ల దాకా పోవాలంటే ముందు పక్కింటావిడని దాటాలి.

ఇక పెద్దాయన మందులుండేది ఆత్రేయపురం పూతరేకుల అట్టపెట్టెలో. బీపీ మాత్ర ఒక డాక్టరుగారు రాసింది, ఒంట్లో నీరు లాగే నీళ్లమాత్ర ఇంకో డాక్టరుగారు రాసింది, మోకాళ్లకి ఆరెంపీగారి నొప్పిబిళ్ల. మూడూ కలిస్తే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదముంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ బాగానే ఉందిగా అంటారు. అది కండలో పుట్టే చెత్త, మూత్రపిండాలు వడగట్టి పారేయాల్సింది. కండ కరిగిన ఒంట్లో క్రియాటినిన్ పుట్టేదే తక్కువ. మూత్రపిండం సగం మూలపడినా కాగితం మీద అంకె ముచ్చటగానే ఉంటుంది. అయినా మూడు చీటీలూ ఒకరి ముందు పరిచి అడగడం మర్యాద కాదు కదండీ, ఎవరి హస్తవాసి వాళ్లది.

ప్రేమ సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. “మావయ్యగారూ, మీరు మంచం దిగొద్దు, అన్నీ నేను అందిస్తాగా” అనే కోడలికి ఊరంతా దండం పెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని పది రోజులు మంచానికే పరిమితం చేసి చూస్తే కాళ్ల కండ కిలో దాకా పోయింది. అంత సేవ శత్రువు కూడా చేయలేడు. పదకొండో రోజు పెద్దాయన లేవలేకపోతే కారణం ఎలాగూ సిద్ధం.

అంచేత నాదొక మనవి. ఈ నిర్ధారణ చేసేవారు నోటిమాటగా వదిలేయకుండా, చీటీ మీద ‘వయసు’ అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇవ్వాలి. దాన్ని పట్టుకెళ్లి మందుల షాపులో ఇస్తే, పొద్దున ఒకటీ రాత్రి ఒకటీ అని ఏమిస్తారో చూడాలనుంది.