యుద్ధానికి ఆఫీసు వేళలు

యుద్ధం చేసేవాళ్ళకి పసిపిల్లల ఆరోగ్యం పట్టదని లోకంలో ఒక అపవాదు ఉంది. అది ఎంత అన్యాయమో ఆధారాలతో చెప్పాలని ఈ చిన్న ప్రయత్నం.

2024 సెప్టెంబరు 1న మధ్య గాజాలో యుద్ధం ఉదయం ఆరింటికి ఆగింది, మధ్యాహ్నం మూడింటి వరకు ఆగే ఉండాలన్నది ఒప్పందం. పిల్లలకు పోలియో చుక్కలు వేయాలి మరి. మూడు దాటాక సంగతి ఒప్పందంలో లేదు. గాజా అంతటా ఒకేసారి ఆపడం కూడా కాదు. ముందు మధ్య భాగం, తర్వాత దక్షిణం, ఆఖర్న ఉత్తరం, ఒక్కో చోట మూడేసి రోజులు. మన మున్సిపాలిటీ వార్డుల వారీగా నీళ్ళు వదిలినట్టు ప్రాణభయాన్ని వార్డుల వారీగా కట్టేశారు. ఇది చూసి కాల్పుల విరమణ అనుకుని ఎవరైనా సంతోషపడతారేమోనని ఇజ్రాయెల్ ప్రధాని కార్యాలయం వెంటనే వివరణ ఇచ్చింది: అదేం లేదు, కొన్ని చోట్లు కేటాయించాం, అంతే.

కురుక్షేత్రంలో పొద్దుగూకగానే ఆయుధాలు దించేవారని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఇక్కడ వేళలు తిరగబడ్డాయి, పగలు సెలవు, పొద్దువాలాక డ్యూటీ. సంప్రదాయ విరుద్ధమని కొట్టిపారేయడానికీ లేదు. నిద్రపోతున్న ఉపపాండవుల్ని అశ్వత్థామ చంపింది రాత్రిపూటే.

అసలు పోలియో ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. 2022లో గాజాలో 99 శాతం పిల్లలకు పోలియో టీకా అందేది. ఈ అంకె చూస్తే మన జిల్లా వైద్యాధికారులు కూడా కుళ్ళుకుంటారు. యుద్ధం మొదలయ్యాక కొన్ని నెలల్లోనే అది 90కి కిందికి దిగింది. పెద్ద తేడా ఏముంది అనిపిస్తుంది. ఆస్పత్రులు పడిపోయి, మురుగునీటి ప్లాంట్లు ఆగి, గుడారాల మధ్య మురుగు కాలవలు పారే చోట వైరస్‌కి ఆ తేడా చాలు. ఇది రెండో రకం పోలియో వైరస్, చుక్కల మందులోని బలహీన వైరస్ నుంచి పుట్టింది. అందరికీ టీకా పడిన చోట దానికి చోటు దొరకదు. పడని పిల్లలు దొరికితే ఒకరి నుంచి ఒకరికి పాకుతూ మారి మారి, చివరికి కాళ్ళు పడగొట్టే రూపానికి వస్తుంది.

జూన్‌లో సేకరించిన మురుగునీటిలో ఆ వైరస్ ఉందని జూలైలో తేలింది. తేలగానే ఇజ్రాయెల్ సైన్యం గాజాలో ఉన్న తన సైనికులకు టీకాలు మొదలుపెట్టింది. ముందుజాగ్రత్త అంటే ఇదీ. ఆగస్టులో మధ్య గాజాలోని దేర్ అల్ బలాలో పది నెలల బాబుకి కాలు చచ్చుబడింది. పాతికేళ్ళలో గాజాలో అదే మొదటి కేసు. సెప్టెంబరులో పిల్లల వంతు వచ్చింది. క్యూ పద్ధతి పాటించారు, తప్పుపట్టడానికేం లేదు.

మొదటి విడతలో పదేళ్ళలోపు పిల్లలు అయిదున్నర లక్షల మందికి పైగా చుక్కలు వేశారు. రోడ్లు లేవు, కరెంటు లేదు, వీధికి పేరున్నా వీధి లేదు. ఐస్ ప్యాకులు పెట్టిన క్యారియర్లు భుజాన వేసుకుని రెండు వేల మందికి పైగా ఆరోగ్య కార్యకర్తలు రెండు వారాల్లోపే ఆ పని ముగించారు. పిల్లల వేళ్ళకి సిరా గుర్తు కూడా పెట్టారు. పరిస్థితి చేయి దాటిపోయింది, ఆపడం ఎవరి వల్లా కాదు అని అప్పటికి దాదాపు ఏడాదిగా గంభీరంగా చెబుతున్న దేశదేశాల పెద్దమనుషులకు ఈ విజయం కాస్త ఇబ్బంది కలిగించే ఉంటుంది. గడియారం చూసి ఆపొచ్చని తేలిపోయింది కదా.

చిన్న చిన్న లోపాలు జరిగాయి. ఉత్తర గాజాకి టీకాల పని మీద వెళ్తున్న ఐక్యరాజ్య సమితి వాహనాలను సెప్టెంబరు 9న సైనికులు తుపాకులు చూపించి ఆపారు. ఎనిమిది గంటలకు పైగా ఉంచేశారు, బుల్డోజర్లతో వాహనాలను దెబ్బతీశారు. అనుమానితులున్నారని సమాచారం వచ్చిందట. సంతకం పై అధికారిది, బుల్డోజర్ కింది వాళ్ళది, ఏ ఆఫీసులోనైనా ఫైలు దిగడానికి టైం పడుతుంది. రెండో విడతలో, నవంబరు 2న, గాజా నగరంలో చుక్కలు వేస్తున్న షేక్ రద్వాన్ క్లినిక్ మీద దాడి జరిగి నలుగురు పిల్లలతో సహా ఆరుగురు గాయపడ్డారు. ఆ వేళకి అక్కడ తాము దాడి చేయలేదని సైన్యం చెప్పింది. పోలియో నుంచి మాత్రం ఆ నలుగురికీ రక్షణ దొరికిందనే ఆశిద్దాం.

ఈ సదాచారం కొత్తది కాదు. 1985లో అంతర్యుద్ధం నడుస్తున్న మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడార్‌లో ప్రభుత్వ సైన్యం, గెరిల్లాలు ఏడాదిలో మూడు రోజులు తుపాకులు పక్కన పెట్టారు. యూనిసెఫ్ అధిపతి జేమ్స్ గ్రాంట్ అడిగారు, చర్చి మధ్యవర్తిత్వం చేసింది, ఒక్కో విడతలో సుమారు రెండున్నర లక్షల మంది పిల్లలకు టీకాలు పడ్డాయి. ఆ తర్వాత ఏటా అలాగే ఆపుతూ వచ్చారు. మిగతా 362 రోజుల కార్యక్రమానికి ఎలాంటి ఆటంకం కలగలేదు, యుద్ధం 1992 దాకా నిరాటంకంగా సాగింది.

అందరూ ఇంత క్రమశిక్షణ పాటించరు. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలవగానే ఖార్టూమ్‌లోని జాతీయ ప్రజారోగ్య ప్రయోగశాల సాయుధుల చేతికి పోయింది. అందులో పోలియో, తట్టు, కలరా నమూనాలున్నాయి. టీకాలు నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీలను దోచుకోవడంతో పది లక్షలకు పైగా పోలియో డోసులు పాడయ్యాయి. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే డీపీటీ టీకా మొదటి డోసు 2022లో 94 శాతం పసివాళ్ళకి పడింది, అది 2024లో 48 శాతానికి దిగింది. ప్రపంచంలో అన్నిటికన్నా తక్కువ. ఇక పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో 2011లో బిన్ లాడెన్ జాడ కోసం హెపటైటిస్ టీకాల పేరుతో సీఐఏ నడిపించిన నాటకం ఉంది. టీకా వేసేవాళ్ళంతా గూఢచారులే అన్న నమ్మకం దాంతో మరింత బలపడింది, వాళ్ళను కాల్చి చంపడం మొదలైంది. 2014లో పాకిస్తాన్‌లో పోలియో కేసులు 306కి చేరాయి. ఇకమీదట టీకాలను అలా వాడుకోబోమని అదే ఏడాది అమెరికా మాటిచ్చింది. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, మూడేళ్ళ ఆలస్యం ఆలస్యమా?

ఇక నా మనవి. పోలియోకి పలుకుబడి ఉంది. సరిహద్దులు దాటుతుంది, విమానం ఎక్కుతుంది, 1988 నుంచి దాన్ని నిర్మూలించాలని ప్రపంచమంతా పట్టుబట్టి కూర్చుంది. అందుకే దానికోసం తుపాకులు ఆగుతాయి. తట్టు, కంఠసర్పి, కోరింత దగ్గు పాపం పైరవీ లేని జబ్బులు. వాటికోసమే తుపాకులు ఆపడం అరుదు. కంఠసర్పి 2017లో యెమెన్‌కి తిరిగొచ్చినా అక్కడి యుద్ధం ఆగలేదు. మన అంగన్‌వాడీలో తల్లికిచ్చే కార్డు తీసి చూడండి: పుట్టగానే, 6, 10, 14 వారాలకు, ఆపైన తొమ్మిది నెలలకు. అక్కడి కార్డుల్లో వారాలు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. ఆ కార్డునే సేనాధిపతుల గోడలకు తగిలించి, ఆ తేదీల్లో మాత్రం ఆపమంటే సరిపోతుందని మొదట అనుకున్నాను.

లెక్క వేస్తే చిక్కొచ్చింది. పిల్లలు రోజూ పుడుతున్నారు. రోజూ ఎవరో ఒక బిడ్డకు ఆరో వారం నిండుతుంది, ఇంకో బిడ్డకు పద్నాలుగోది. కార్డు ప్రకారం నడిస్తే యుద్ధానికి ఒక్క పనిదినం కూడా మిగలదు. ఇంత పెద్ద మొత్తం పెట్టి కొన్న ఆయుధాలు తుప్పుపడితే జవాబుదారీ ఎవరు? అందుకని సర్దుకోవాల్సింది పిల్లలే. యుద్ధ ప్రాంతాల్లో తల్లులంతా ఏటా ఒకే రోజున కనేట్టు ముందుగా సర్క్యులర్ పంపాలి. అప్పుడు మొదటి ఏడాదికి ఐదు రోజులు ఆపితే చాలు, మధ్యాహ్నం మూడు వరకే.