కొరే-ఎడా సాత్వికుడని ఎవరన్నారు?

జపాన్ సినిమా ప్రస్తావన వస్తే చాలు, ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "దర్శకుడు హిరొకాజు కొరే-ఎడా, పాతతరం జపాన్ దర్శకుడు ఓజుకు వారసుడు. మంచి మనుషుల ఇంటి కథలే తీస్తాడు, ఎవరినీ నొప్పించడు. ఎన్ని తీసినా అదే మూస." ఒకటి రెండు సినిమాలు చూసి చెప్పే మాట ఇది.

ముందు వారసత్వం సంగతి. ఓజుతో పోలిక గౌరవమేనంటూనే, తన సినిమాలు జపాన్ దర్శకుడు మికియో నరుసేకీ, బ్రిటిష్ దర్శకుడు కెన్ లోచ్‌కీ దగ్గరని కొరే-ఎడాయే చెప్పాడు. పని నేర్చుకున్నది టీవీ డాక్యుమెంటరీల్లో. జపాన్‌లోని మినమాటాలో పాదరస కాలుష్య బాధితుల వ్యాజ్యంలో నలిగి ఆత్మహత్య చేసుకున్న ప్రభుత్వాధికారి మీద 1991లోనే ఒకటి తీశాడు.

'మంచి మనుషులు' అనేవారు 'స్టిల్ వాకింగ్' (2008) మరోసారి చూడాలి. నీళ్లలో కొట్టుకుపోతున్న పిల్లవాణ్ని కాపాడబోయి పెద్దకొడుకు చనిపోయాడు. బతికి బయటపడ్డవాణ్ని తల్లి ఏటా వర్ధంతికి పిలుస్తుంది. అతను చెమటలు కక్కుతూ కూర్చుని, క్షమాపణలు చెప్పుకుని వెళ్తాడు. పాపం, ఇక పిలవడం మానేద్దామని చిన్నకొడుకు అంటే, ఆమె అల్లిక ఆపకుండానే, అందుకే పిలుస్తున్నానంటుంది. ఏడాదికొక్కసారైనా అతను కుమిలిపోవాలట! ఇంటిల్లిపాదికీ మొక్కజొన్న గింజలు నూనెలో వేయించి పెట్టిన తల్లే ఈ మాట అంటుంది. తల్లిగా నటించిన కిరిన్ కికి గొంతు కూడా పెంచదు. ఇంత పగను సాత్వికమంటే ఎలా?

ఇక నొప్పించకపోవడం. 'నోబడీ నోస్' (2004)కు ఆధారం టోక్యోలో ఒక తల్లి పిల్లల్ని వదిలేసి వెళ్లిపోయిన ఉదంతం, 1988లో బయటపడింది. అందులో పిల్లలు వాళ్లంతట వాళ్లే నటించేశారనుకోవడం ఇంకో అమాయకత్వం. వాళ్ల చేతికి స్క్రిప్టు ఇవ్వకుండా, సంభాషణ అప్పటికప్పుడు నోటితో చెప్పి, దాదాపు ఏడాది పాటు తీశాడు. అందులో పెద్దపిల్లవాడిగా నటించిన పద్నాలుగేళ్ల యుయా యగిరాకు కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి ఊరికే రాలేదు. 'షాప్‌లిఫ్టర్స్'కు 2018లో కాన్ అత్యున్నత బహుమతి పామ్ డోర్ వచ్చాక జపాన్ విద్యామంత్రి అభినందిస్తానంటే, అధికారానికి దూరంగా ఉండాలంటూ మర్యాదగానే వద్దన్నాడు.

మూస సంగతికి పెద్ద జవాబు అక్కర్లేదు. సమురాయ్ కథ 2006లో, ప్రాణం పోసుకున్న బొమ్మ కథ 2009లో, హత్య కేసు 2017లో. ఆ తర్వాత ఒకటి ఫ్రాన్స్‌లో, ఒకటి కొరియాలో.

ఆ కొరియా సినిమా 'బ్రోకర్' (2022) విషయంలో మాత్రం ఎదుటివాళ్ల మాట కొంత ఒప్పుకుంటాను. పసిబిడ్డల్ని అమ్ముకునేవాళ్లను కూడా మరీ ముద్దుగా చూపించాడు.